ఏజెన్సీకి చట్టాలున్నాయి, వకీళ్లే లేరు



ఆదివాసీ విద్యార్థులకి సాయం చేద్దామని మనవాళ్లు కొందరు ఈ మధ్య ఒక పథకం తయారుచేశారు. మంచి పని, కాదనను. కానీ ఏయే చదువులకి డబ్బివ్వాలో రాసుకున్న జాబితా చూశాక ఊరుకోలేకపోయాను. ఇంజనీరింగ్ ఉంది, మెడిసిన్ ఉంది, ఫార్మసీ ఉంది, నర్సింగ్ ఉంది, ఆఖరికి యానిమేషన్ కోర్సు కూడా ఉంది. లా లేదు. కాన్ఫరెన్స్ కాల్‌లో ఇదేమిటని అడిగితే ఒక పెద్దాయన నవ్వి, "లా చదివి ఏం చేస్తాడయ్యా, చెట్టుకింద ప్లీడరు అవుతాడు" అన్నారు. మిగతావాళ్లూ నవ్వారు. ఆ నవ్వుకి జవాబు కాల్‌లో చెప్పడానికి టైము చాలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన సంగతి చూద్దాం. ఆ రోజు లైన్లో ఉన్న పదిహేనుమందిలో లాయరుతో పని పడనివాడు ఒక్కడున్నాడా? హెచ్-1బి పిటిషన్ నుంచి గ్రీన్‌కార్డు దాకా మన బతుకంతా ఏదో ఒక అటార్నీ సంతకం కింద నడిచిందే. ఆర్‌ఎఫ్‌ఈ వచ్చిందంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్రుండదు. తెల్లారేసరికి నలుగురికి ఫోన్లు చేసి, "మీ అటార్నీ ఎట్లాంటివాడు, మాది కొంచెం వీక్" అని వాకబు చేస్తాం. మనం పీజీలు చదివాం, ఇంగ్లీషొచ్చు, చేతిలో జీతం ఉంది. అయినా లాయరు చూడకుండా ఒక ఫారం పోస్టు చేసే ధైర్యం మనకి లేదు. అలాంటి మనం, తాత దున్నిన పొలం ఎవరి పేరు మీదుందో తెలుసుకోవడానికి బస్సెక్కి ఐటీడీఏ ఆఫీసుకి వెళ్లే కోయవాడికి మాత్రం లాయరెందుకని నవ్వుతున్నాం!

తెలుగునాట ఏజెన్సీకి చట్టాలు తక్కువేం లేవు. పాడేరు, రంపచోడవరం, చింతూరు, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు, ఇవన్నీ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికొచ్చే ప్రాంతాలు. 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు. అదే మనం వన్ ఆఫ్ సెవెంటీ అనే 1/70 చట్టం. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి పేరుకి మారితే చెల్లదు. ఒక గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. అంతకంటే ముఖ్యం, గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి ఒకప్పుడు గిరిజనుడిదేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. ఈ చట్టాన్ని 1988లో సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. తర్వాత 1996లో పెసా వచ్చింది, గ్రామసభకి అధికారాలిచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. కాగితం మీద చూస్తే మన ఆదివాసీ ఈ దేశంలో అందరికంటే గట్టి రక్షణ ఉన్న పౌరుడు.

మరి నేల మీద ఏమైంది? 2000ల నాటి ప్రభుత్వ లెక్కలే చూడండి. ఈ చట్టం కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 72 వేల కేసులు నమోదయ్యాయి. వాటి కింద ఉన్న భూమి 3 లక్షల 20 వేల ఎకరాల పైచిలుకు. అందులో సుమారు సగం, అంటే 1 లక్షా 60 వేల ఎకరాలకి పైగా, తీర్పు గిరిజనేతరుల పక్షాన వచ్చింది. రుజువు భారం అవతలివాడి మీద పెట్టిన చట్టం కింద సగం భూమి పోవడం ఏమిటి? మీరు క్రికెట్ చూస్తారు కదా, ఒక జట్టుకి ముందే రెండొందల పరుగులిచ్చి ఆట మొదలుపెడితే కూడా ఆ జట్టు సగం మ్యాచులు ఓడిపోయిందంటే, ఆ జట్టు మైదానంలోకి దిగనే లేదని అర్థం.

నిజంగా అదే జరిగింది. ఈ కేసులు వినేది మామూలు కోర్టు కాదు, గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. ఆయన రెవెన్యూ అధికారి. అప్పీలు ఏజెంటు దగ్గరికి, ఆ పైన హైకోర్టుకి. గిరిజనేతరుడు మొదటి రోజే వకీలుని పెట్టుకుని వస్తాడు. 1970కి ముందే కొన్నానని ఒక తెల్లకాగితం తెస్తాడు, శిస్తు కట్టిన రశీదులు తెస్తాడు. ఆ కాగితాన్ని ప్రశ్నించాల్సిన మనిషి చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. ఒకవేళ కింద గెలిచినా హైకోర్టులో స్టే వస్తుంది. ఉట్నూరు నుంచి హైదరాబాదు దాదాపు మూడొందల కిలోమీటర్లు. స్టే తీయించాలంటే ఎవరిని కలవాలో, ఎంతివ్వాలో, ఆ కేసు నంబరేమిటో ఎవరు చెబుతారు? ఒక్కో స్టే మీద ఒక తరం గడిచిపోతుంది. ఆ భూమిలో ఈలోపు పొగాకో మిర్చో పండి ఎవరింటికో పోతుంది. ఎవరింటికి అంటే, కొంచెం మొహమాటంగా ఉన్నా చెప్పాలి, మనలో కొందరి బంధువుల ఇళ్లకే.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేనూ ఇద్దరు మిత్రులూ కొన్నేళ్లుగా ఒక కోయ అబ్బాయి లా చదువుకి సాయపడుతున్నాం. ఎల్‌ఎల్‌బీ అయ్యాక ఒక పట్నంలో సీనియరు దగ్గర జూనియరుగా చేరాడు. చేరిన కొత్తలో ఒక ముసలాయన వాంగ్మూలం ఫైల్లో చూశాడట. "పొలం అమ్మాను" అని తెలుగులో రాసి వేలిముద్ర వేయించారు. ఈ అబ్బాయి ఆయనతో కోయలో మాట్లాడితే తేలిందేమిటంటే, అప్పు తీరేదాకా దున్నుకోమని ఇచ్చాడు తప్ప అమ్మలేదు. రాసుకున్నవాళ్లు మోసం చేశారని కూడా అనలేం. వాళ్లకి ఆ భాష రాదు, అంతే. ఆ ఆఫీసులో అన్నేళ్లలో ఆ తేడా పట్టుకోగలిగిన మొదటి నల్లకోటు వీడిదే. పెద్దాయన చెట్టుకింద ప్లీడరు అన్నది ఇలాంటివాడినే.

రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో సంతాలీ, బోడో 2003లో చేరాయి. లక్షలమంది మాట్లాడే గోండీ ఇప్పటికీ లేదు, కోయ లేదు, కువి లేదు. హైకోర్టులో, సుప్రీంకోర్టులో నడిచేది ఇంగ్లీషు. అంటే ఆదివాసీ మాట కోర్టుకి చేరాలంటే ముందు తెలుగులోకి మారాలి, తర్వాత ఇంగ్లీషులోకి మారాలి. రెండు చోట్లా మార్చేది పరాయివాడే. 2007లో విశాఖ జిల్లా వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. ఆ కేసు 2023 దాకా నడిచింది. చివరికి కోర్టు నిందితులందరినీ విడుదల చేస్తూనే, దర్యాప్తు సరిగా జరగలేదని చెప్పి ఆ స్త్రీలకి పరిహారం ఇమ్మంది. పదహారేళ్లు! ఆ పదహారేళ్లూ వాళ్ల వెంట నడిచిన హక్కుల సంఘాలకి దండం పెట్టాలి. కానీ ఆ పదకొండుమందికీ తమ భాషలో, తమ ఊరివాడిలా కూర్చుని "నీ కేసు ఇక్కడిదాకా వచ్చింది" అని చెప్పగల వకీలు ఎంతమంది దొరికి ఉంటారో మీరే ఊహించుకోండి.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. బాలగోపాల్ లేరా, కన్నబిరాన్ లేరా, సమత తీర్పు రాలేదా అంటారు. వచ్చింది. 1997లో సుప్రీంకోర్టు అనంతగిరి కొండల గనుల కేసులో, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. 1/70 చట్టంలో 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. దేశంలో ఆదివాసీ భూమి గురించి మాట్లాడే ప్రతివాడూ నేటికీ ఆ తీర్పు పేరెత్తాల్సిందే. ఒక చిన్న సంస్థ వేసిన కేసు అది. బాలగోపాల్ గారి గురించి కొత్తగా నేను చెప్పేదేముంది. లెక్కలు చెప్పే ప్రొఫెసరు నల్లకోటు వేసుకుని, ఏజెన్సీ ఊళ్లన్నీ కాలినడకన తిరిగి, ఆ కేసులు హైకోర్టులో వాదించారు. 2009 అక్టోబరులో ఆయన పోయారు. మరుసటి ఏడాది కన్నబిరాన్ గారు పోయారు. ఆదివాసీలకి స్నేహితుల విషయంలో అదృష్టం ఉంది, కాదనలేం. కానీ స్నేహితుడు పోయిన మర్నాడు ఫైళ్లు ఎవరి చేతికి వెళ్లాలి? వారసత్వంగా అందుకోవడానికి ఆ ఊళ్లలోంచి ఇరవైమంది వకీళ్లు తయారై ఉండాల్సింది. ఉండలేదు. ఆ తప్పు బాలగోపాల్ గారిది కాదు, ఆయన సంతాప సభల్లో ఉపన్యాసాలిచ్చిన మనందరిదీ.

ఇక జీవో 3 సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని మూలం మార్లవాయిలో ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో చూసి రమ్మని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించాడు. గోండు పిల్లలకి గోండు పంతులు, గోండీలో వాచకం. అంత తేలికైన ఆలోచన. చాలా కాలం తర్వాత, 2000 జనవరిలో, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 3 ఇచ్చి షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. దాంతో బడికి రాని మైదానం పంతుళ్ల బెడద తగ్గింది, వేలమంది ఆదివాసీ ఇళ్లల్లో మొదటిసారి నెలజీతం చూశారు. 2020 ఏప్రిల్ 22న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉండగా, సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధం అంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలు ఉంచుతూ, రెండు రాష్ట్రాలకీ కలిపి అయిదు లక్షలు ఖర్చుల కింద కట్టమంది. తీర్పులోని చట్టం మీద వాదించుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ తీర్పులో ఆదివాసీల బతుకుని ఆదిమమైనదిగా, వాళ్లు ప్రధాన స్రవంతిలో ఇమడలేనివాళ్లుగా వర్ణించిన వాక్యాలున్నాయి, చదివి చూడండి. ఒళ్లు మండుతుంది. ఆ అయిదుగురిలో ఆదివాసీ ఎవరూ లేరు. ఉండే అవకాశమైనా ఎక్కడుంది? 2018 తర్వాత వేసిన హైకోర్టు జడ్జీల సామాజిక లెక్కలు కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. ఎస్టీలు వందకి ఇద్దరు. సుప్రీంకోర్టుకి జడ్జీలు వచ్చేది ఎక్కువగా హైకోర్టుల నుంచే. హైకోర్టుకి జడ్జీలు వచ్చేది వకీళ్లలోంచి, జిల్లా జడ్జీల్లోంచి. వకీళ్లు వచ్చేది లా కాలేజీల్లోంచి. మీరు కింద మొక్క నాటకుండా పైన పండ్లెందుకు లేవని అడుగుతున్నారు.

లా కాలేజీ గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. నేషనల్ లా యూనివర్సిటీలకి క్లాట్ రాయాలి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, పేజీల కొద్దీ ఇంగ్లీషు పేరాలు చదివి జవాబు పెట్టాలి. పేపరు ఇంగ్లీషులో తప్ప ఇంకో భాషలో లేదు. ఆశ్రమ పాఠశాలలో చదివిన కొలాం పిల్లకి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోది. నల్సార్ మన హైదరాబాదులోనే ఉంది, 1998లో పెట్టారు. విశాఖలో దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ ఉంది. ఎస్టీ కోటా ఉంది. ఆ కోటాలో ఏజెన్సీ ఊరి పిల్లలు ఎంతమంది అన్నది అసలు ప్రశ్న. కోటా తలుపు తెరిచి పెడుతుంది, నిజమే. ఆ తలుపు దాకా దారి వేయడం కోటా చేయదు. ఆ దారి వేయవచ్చని 2010లో శంనాద్ బషీర్ అనే ప్రొఫెసరు చేసి చూపించాడు. ఐడియా అనే సంస్థ పెట్టి, లా విద్యార్థులనే వాలంటీర్లుగా పల్లె బడులకి పంపి, క్లాట్‌కి తయారుచేయించి, సీటొచ్చాక ఫీజుకీ ల్యాప్‌టాప్‌కీ కూడా చూశాడు. 2019లో ఆయనా పోయాడు, సంస్థ నడుస్తోంది. కాబట్టి ఎలా చేయాలో తెలియదనే సాకు చెల్లదు.

సరే, క్లాట్ వద్దు, లాసెట్ రాసి జిల్లాలో కాలేజీలో చేరాడనుకుందాం. అందరం చూడకుండా వదిలేసేది ఆ తర్వాతి మూడేళ్లని. పట్టా చేతికొచ్చింది. బార్ కౌన్సిల్లో పేరు నమోదు చేసుకోవాలి. అడ్వకేట్స్ చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలకి ఆ ఫీజు 125 రూపాయలు, మిగతావాళ్లకి 750. కానీ రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు ఆ ఫీజు ఈ ఫీజు అంటూ ఏళ్ల తరబడి వేలకి వేలు వసూలు చేశాయి. 2024 జూలైలో సుప్రీంకోర్టు అది కుదరదని చెప్పింది, సంతోషం. తర్వాత సీనియరు ఆఫీసు. జూనియరుకి జీతం ఇవ్వడం మన దగ్గర ఆనవాయితీ కాదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో పట్నాల్లో నెలకి 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇమ్మని సర్క్యులర్ పంపింది. సలహా మాత్రమే, ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. లాయరు కొడుకు ఆ మూడేళ్లూ నాన్న ఇంట్లో తిని, నాన్న కారులో కోర్టుకి పోతాడు. కోయ అబ్బాయి గది అద్దె ఎవరు కడతారు? మా అబ్బాయి ఒకసారి ఫోన్లో, "అన్నా, జడ్జి ముందు నిలబడ్డానికి నాకు భయం లేదు, ఒకటో తారీఖంటేనే భయం" అన్నాడు. ఆరు నెలలకే బీట్ ఆఫీసరు పోస్టుకి దరఖాస్తు పెడతానన్నాడు. తప్పేముంది? ఇంట్లో ముగ్గురు చెల్లెళ్లున్నారు. ఇలా పట్టా తీసుకుని నల్లకోటు పెట్టెలో పెట్టేసినవాళ్లు ఏజెన్సీలో ఊరికొకరు దొరుకుతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 చివర్లో లా నేస్తం పేరుతో జూనియర్లకి నెలకి 5 వేలు ఇవ్వడం మొదలుపెట్టింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రాజకీయాలు ఎలా ఉన్నా ఆలోచన సరైంది. మొత్తమే చిన్నది.

ఇప్పుడు మనం బతుకుతున్న దేశం సంగతి. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ల ఇళ్ల నుంచి కాస్త పడమటికి పోతే హీలా రివర్ ఇండియన్ కమ్యూనిటీ సరిహద్దు వస్తుంది. మనవాళ్లకి అది క్యాసినోగా తెలుసు. ఆ తెగవాళ్లు వందల ఏళ్లుగా కాలువలు తవ్వి ఎడారిలో పంటలు పండించినవాళ్లు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎగువన వచ్చిపడ్డ తెల్లవాళ్లు హీలా నది నీళ్లు మళ్లించుకుంటే పొలాలు ఎండి, జనం ఆకలితో మాడారు. ఆ నీళ్ల కోసం దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్లలోంచే రాడ్నీ లూయిస్ అనే కుర్రాడు యూసీఎల్‌ఏలో లా చదివి, 1970లలో ఊరికొచ్చి తెగకి వకీలయ్యాడు. 1980లో అమెరికా సుప్రీంకోర్టులో స్వయంగా నిలబడి, రిజర్వేషన్ మీద జరిగిన అమ్మకంపై అరిజోనా రాష్ట్రం పన్ను వేయడానికి వీల్లేదని వాదించి గెలిచాడు. నీళ్ల కేసుని వదలకుండా పట్టుకున్నాడు. 2004లో అమెరికా కాంగ్రెస్ చేసిన నీటి ఒప్పందం చట్టంతో ఆ తెగకి ఏటా 6,53,500 ఎకరం-అడుగుల నీళ్లు దక్కాయి. 2018లో ఆయన చనిపోయాడు. మనం ఆ ఎడారిలో లాన్‌కి నీళ్లు పెట్టుకుంటూ, మన కోయపిల్లలు లా చదివి ఏం చేస్తారని అడుగుతున్నాం!

ఇది ఒక్క మనిషి గొప్పతనం కాదు. 1967 నాటికి అమెరికా మొత్తం మీద ఆదివాసీ లాయర్లు పాతికమందికి మించరని లెక్క తేలింది. ఆ ఏడాదే న్యూమెక్సికో యూనివర్సిటీలో ఎండాకాలం బడి ఒకటి పెట్టారు. లా కాలేజీలో చేరబోయే ఆదివాసీ పిల్లలకి చేరకముందే ఎనిమిది వారాలు, మొదటి సెమిస్టరు ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే నడిపిస్తారు. కేసు చదవడం, నోట్సు రాయడం, ప్రొఫెసరు నిలబెట్టి అడిగితే జవాబు చెప్పడం, పరీక్ష. పాస్ అయినవాడు శరత్కాలంలో లా స్కూలుకి భయం లేకుండా పోతాడు. ఇప్పుడు దాన్ని అల్బుకర్కీలోని అమెరికన్ ఇండియన్ లా సెంటర్ నడుపుతోంది. అందులోంచి బయటికొచ్చినవాళ్లు వెయ్యి దాటారు. న్యూమెక్సికో యూనివర్సిటీ ఆదివాసీ లాయర్ల కోసం పెట్టిన కార్యక్రమంలో మొదటి పట్టా తీసుకున్న పానీ తెగ జాన్ ఎకోహాక్, 1970లో నేటివ్ అమెరికన్ రైట్స్ ఫండ్ పెట్టినవాళ్లలో ఒకడు. ఈ దేశంలో తెగల హక్కుల మీద నడిచిన పెద్ద కేసుల్లో ఆ సంస్థ పేరు లేనివి తక్కువ. అంత చేసినా అమెరికా లాయర్లలో ఆదివాసీలు ఇప్పటికీ నూటికి ఒకరు కూడా లేరు. యాభై ఎనిమిదేళ్లు దాటిన పని అది. మనం ఇంకా మొదలుపెట్టనే లేదు.

అభ్యంతరాలు కొన్ని విన్నాను. చదువుకున్నాక వాడు ఏజెన్సీకి తిరిగి వెళ్తాడా అని ఒకరు అడిగారు. అడిగినాయన డాలస్‌లో ఉంటారు. ఇరవై రెండేళ్లయింది వచ్చి. ఆయన్నేమనాలి? నూటికి యాభైమంది హైదరాబాదులో కార్పొరేట్ లాయర్లయినా, మిగతా యాభైమంది చాలు. ఆ హైదరాబాదు యాభైమందిలోంచే రేపు హైకోర్టుకి జడ్జి రావచ్చు. నక్సలైట్లకి వకీళ్లని తయారుచేస్తారా అని ఇంకొకరు. అడవిలో తుపాకీ కాలం ముగిసిందని ప్రభుత్వాలే చెబుతున్నాయి కదా, అయితే ఇక వాళ్లకి మిగిలిన దారి కోర్టే. ఆ దారిలో కూడా సాయం చేయొద్దంటే మీ ఉద్దేశమేమిటో పైకి చెప్పండి.

కొంచెం నాజూకైన అభ్యంతరం ఇంకొకటుంది. ఎస్టీ అంటే ఎవరు అన్నది. లంబాడా మిత్రులతో నాకు తగాదా లేదు, తండాల పేదరికం నేను దగ్గర్నుంచి చూశాను. కానీ గోండు, కోయ, కొలాం, కొండరెడ్డి, కోందు పిల్లలు ఎస్టీ జాబితాలో ఉండి కూడా సీట్ల దగ్గర వెనకబడిపోతున్నారన్న బాధతోనే 2017లో ఆదిలాబాదు అట్టుడికింది. మనం వాళ్ల మధ్య ఇంకో చిచ్చు పెట్టకూడదు. అందుకే పథకాన్ని కులధ్రువపత్రంతో కాకుండా ఊరితో, భాషతో ముడిపెట్టాలంటాను. ఏజెన్సీ ఊళ్లో పుట్టి, అక్కడి బడిలో చదివి, అక్కడి ఆదివాసీ భాష మాట్లాడే పిల్ల. అంతే.

త్రిబుల్ ఆర్ సినిమాకి మనవాళ్లు బే ఏరియాలో, న్యూజెర్సీలో థియేటర్లు ఎలా ఊపేశారో చూశాను. నేనూ ఈలేశాను. ఆ సినిమా చివర్లో నీకేం కావాలని అడిగితే భీమ్ అడిగింది చదువు. నిజం భీముకీ సినిమా భీమ్‌కీ ఎంత దూరమో ఆ గొడవ ఇప్పుడొద్దు. కనీసం సినిమా వాడడిగిందైనా ఇద్దాం.

ఎంతవుతుంది అంటారా, లెక్క వేశాను. మూడు పనులు. మొదటిది, అల్బుకర్కీ తరహాలో ఎండాకాలం ఎనిమిది వారాల బడి, భద్రాచలంలో ఒకటి, ఉట్నూరులో ఒకటి, పాడేరులో ఒకటి. ఇంగ్లీషు, చదివింది అర్థం చేసుకోవడం, ఒక తీర్పు చదివి సొంతమాటల్లో చెప్పడం. చెప్పేవాళ్లుగా లా యూనివర్సిటీల సీనియర్ విద్యార్థులు దొరుకుతారు, తిండీ బసా చూస్తే చాలు. రెండోది, సీటొచ్చినవాళ్లకి స్కాలర్‌షిప్పు పోను మిగిలే ఫీజు, పుస్తకాలు. మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది, పట్టా వచ్చాక మూడేళ్లు నెలకి 15 వేలు. మనిషికి 5 లక్షల 40 వేలు. డాలర్లలో సుమారు ఆరు వేలు. పదిమందికి 54 లక్షలు, అదీ మూడేళ్లలో. మన సంఘాల మహాసభలకి ఒక సినిమా తారని, ఒక సంగీత దర్శకుణ్ణి బిజినెస్ క్లాసులో తెప్పించి, హోటలు బిల్లులు కట్టి పంపించడానికి ఎంతవుతుందో కమిటీల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఒక్క షరతు ఉంది. పిల్లల్ని ఎంచేది మనం కాకూడదు. మనం జూమ్‌లో కూర్చుని ఇంటర్వ్యూలు చేస్తే ఇంగ్లీషు బాగా మాట్లాడే పిల్లకి మార్కులేస్తాం. అక్కడి టీచర్లూ, ఆదివాసీ సంఘాలవాళ్లూ, ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్న నలుగురైదుగురు ఆదివాసీ వకీళ్లూ కూర్చుని ఎంచాలి. 2006 నుంచి ఇందిర క్రాంతి పథంలో పారాలీగల్స్‌గా భూమి రికార్డుల మీద పనిచేసిన పల్లె యువకులున్నారు. సర్వే నంబర్లూ అడంగళ్లూ వాళ్లకి కొట్టిన పిండి. వాళ్లలో డిగ్రీ ఉన్నవాళ్లని మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి పంపితే అయిదేళ్లు ఆగే పని కూడా లేదు.

క్లాట్ డిసెంబరులో ఉంటుంది. ఇంటర్ పరీక్షలు మార్చికల్లా అయిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉంటారు, కొందరు తునికాకు కోతకి పోతారు. ఎండాకాలం బడి పెడితే ఆ కూలి పోతుంది కాబట్టి, ఆ ఎనిమిది వారాలకి ఇంటికి ఆ మేరకు డబ్బు పంపాలి. ఇది పథకం కాగితంలో మొదటి పేజీలోనే రాయండి, లేకపోతే ఒక్క పిల్ల కూడా రాదు. వచ్చే నెల కమిటీ కాల్‌లో ఈ మూడు పనుల మీద ఓటు పెట్టమని అడుగుతున్నాను. వద్దనేవాళ్లు కారణం రాసి పంపితే వచ్చే సంచికలో జవాబిస్తాను.